సున్నంలో నీలిమందు

ఆ కొలిమి వెలిగించి ఎనిమిదేళ్ళయింది. ఈ ఎనిమిదేళ్ళలో దాన్ని ఒక్క పూటయినా ఆర్పిన పాపాన పోలేదు. గాజు కొలిమి అంటే మన ఇంటి పొయ్యి కాదు, పొద్దున రాజేసి రాత్రికి నీళ్ళు చల్లడానికి. ఒకసారి చల్లారిందంటే లోపలి గాజు బండలా బిగుసుకుపోతుంది, పైకప్పు ఇటుకలు పగుళ్ళిస్తాయి, మళ్ళీ వెలిగించి సీసా తియ్యాలంటే నెల పడుతుంది. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం గాలి తగిలే ఆ మందుసీసాల ఫ్యాక్టరీలో ‘ఆపడం’ అన్న మాట పైకి అనేవాళ్ళే లేరు.

ఆ కొలిమి కప్పుకి పదకొండు చోట్ల కాంతి సెన్సర్లున్నాయి. లోపలి వెలుగు చూసి వేడి ఎంతో చెప్పడం వాటి పని. వేడి పదిహేనువందల తొంభై డిగ్రీలు దాటకూడదు, తగ్గకూడదు. చిక్కల్లా ఒక్కటే. కరిగే ఇసుకలోంచి సోడా ఆవిరి లేచి సెన్సర్ల అద్దాలకి పట్టేస్తుంది. వంటింటి కిటికీకి జిడ్డు పట్టినట్టే. అప్పుడవి తప్పు చెప్పడం మొదలుపెడతాయి. సరిచూడాలంటే మంట తగ్గించాలి, సెన్సరు ఊడదియ్యాలి, దాన్ని తెలిసిన దీపం ముందు పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో పూట. అంటే పదకొండు పూటలు సీసాలుండవు.

ఆ బాధ తప్పించింది డాక్టర్ హైమవతి. ఆవిడ ఆ ఫ్యాక్టరీ ప్రయోగశాలకి పెద్ద. నలభై ఆరేళ్ళ మనిషి, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఆవిడ కనిపెట్టిన పరికరానికి కాయితాల మీద పెద్ద పేరే ఉంది గాని, ఫ్యాక్టరీలో అందరూ ‘పట్టీ’ అంటారు. నుదుటికి కట్టుకునే పట్టీ అది. కట్టుకున్న మనిషి మంటలోకి చూస్తే, ఆ కన్ను ఆ రంగుని ఎలా అందుకుందో కంటి వెనక నరంలోంచి చదివేసి సెన్సర్లకి చెప్తుంది. సెన్సర్లు ఆ కన్ను చెప్పినట్టు తమని తాము దిద్దుకుంటాయి. మంట తగ్గించక్కర్లేదు, సీసా ఆగక్కర్లేదు.

అయితే ఆ కన్ను ఎలాంటి కన్నయినా సరిపోదు. ముగ్గురిని కట్టి చూశారు. ఇద్దరి కళ్ళు పొద్దుట ఒకలా, సాయంత్రం ఒకలా చెప్పాయి. నిలకడగా చెప్పింది కూర్మయ్య కన్ను ఒక్కటే.

కూర్మయ్యకి అరవై నాలుగు. ముప్ఫై మూడేళ్ళు కొలిమి దగ్గరే ఉన్న మనిషి. ఎడమ కన్ను పనిలో చేరిన కొత్తలోనే గాజు పెంకు తగిలి పోయింది. ఉన్న కుడికన్నుతోనే, నీలపు అద్దం అడ్డం పెట్టుకుని కొలిమి గోడకున్న కన్నంలోంచి మూడు క్షణాలు చూసి, “తొంబైకి రెండు తక్కువమ్మా” అనేవాడు. రెండే తక్కువుండేది. అందుకే రిటైరైనా పంపలేదు. రోజూ పొద్దుట ఎనిమిదింటికి వచ్చి, పట్టీ కట్టుకుని, పదకొండు కన్నాల్లోంచి వరసగా చూసి, టీ తాగి ఇంటికెళ్ళడమే ఆయన ఉద్యోగం.

“మా మావ కంటితో పేక్టరీ నడస్తంది” అని ఆయన భార్య అసిరమ్మ వీధంతా చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు.

రెండేళ్ళ కిందట ఆ ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు, శుక్లం మొదలైంది, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చీటీ రాసిచ్చాడు. కూర్మయ్య ఆ చీటీ తెచ్చి హైమవతికే ఇచ్చాడు. ఆవిడ రెండు రోజులు ఆలోచించింది. కన్ను కోసి లోపల కొత్త అద్దం పెడితే అది పాత కన్ను కాదు, సెన్సర్లు నేర్చుకున్నదంతా మళ్ళీ మొదటికొస్తుంది. కొలిమిని ఎలాగూ పదో ఏట పూర్తి మరమ్మతు కోసం ఆర్పుతారు. అందాకా ఆగితే సరి. ‘ప్రమాణంగా పెట్టుకున్న కన్నుని మార్చరాదు’ అని రాసి సంతకం పెట్టింది. దాని కింద కూర్మయ్య కూడా పెట్టాడు, వంకర టింకర అక్షరాలతో, ఎంతో గర్వంగా.

“పేక్టరీ కన్నా నా కన్ను ఎక్కువేటమ్మా?” అన్నాడు ఆ రోజు. హైమవతి ఆ కాయితం ఫైల్లో పెట్టేసింది.

ఆవిడ మరీ గుడ్డిగా చెయ్యలేదు. కన్ను మారుతోందేమో చూడ్డానికి రోజూ ఒక పరీక్ష పెట్టింది. కూర్మయ్య కన్ను చెప్పినదాన్ని పదకొండు సెన్సర్లు చెప్పినదానితో పోల్చి, తేడా వస్తే గంట మోగేలా చేసింది. రెండేళ్ళలో ఆ గంట ఒక్కసారీ మోగలేదు.

ఆ ఏడు వైశాఖంలో ఆ ఊరి అమ్మవారి పండగ వచ్చింది. ఆ ఊళ్ళో పండగకి వారం ముందు ప్రతి ఇంటికీ సున్నం కొట్టాలి. ఎవరింటి గోడ వాళ్ళే కొట్టుకోవాలి, కూలికి పెట్టకూడదు. అమ్మవారి ఘటం వీధిలోకి వచ్చేసరికి గోడలన్నీ మల్లెపువ్వుల్లా ఉండాలి. సున్నం మరీ పచ్చగా కనబడకుండా చిటికెడు నీలిమందు కలుపుతారు. ఆ కలపడంలో కూర్మయ్యది అందె వేసిన చెయ్యి. ఒకప్పుడు వీధిలో సగం ఇళ్ళకి ఆయనే కలిపిచ్చేవాడు.

పండగ భోజనానికి అసిరమ్మ హైమవతిని పిలిచింది. ఆవిడ ఒంటరి మనిషి, పండగపూట క్యాంటీను ఇడ్లీ తింటుందని అసిరమ్మకి జాలి. హైమవతి వీధి మలుపు తిరిగేసరికి, తెల్లటి ఇళ్ళ వరసలో ఒక ఇల్లు నీలంగా కనిపించింది. లేత నీలం కూడా కాదు, పోలీసుస్టేషను గోడలా ఉంది.

“సూసినావా అమ్మా మీ బాబాయి నిర్వాకం?” గుమ్మంలోనే ఎదురొచ్చి మొదలెట్టింది అసిరమ్మ. “పోయినేడు కొంచెం నీలంగుంటే పోనీలే అనుకున్నాను. ఈయేడు ఏకంగా రెండు డబ్బాలు ఒలకబోసినాడు. సాలు సాలు అని నాను మొత్తుకుంటన్నా ఇంటేనా? ఈదిలో పిల్లలు ‘పోలీసు తాతా’ అని పిలస్తన్నారు!”

“నీకు కళ్ళు లేవే,” అన్నాడు కూర్మయ్య అరుగు మీద నుంచి, నవ్వుతూనే. “ఆ ఎదరింటోడి గోడ సూడు, పసుపు రాసినట్టుంది. మనదే తెల్లగుంది. ఏటమ్మా, నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు.”

హైమవతి ఎదురింటి గోడ చూసింది. తళతళలాడే తెలుపు. మళ్ళీ ఈ గోడ చూసింది. ఆవిడ చేతిలో ఉన్న పళ్ళ సంచి జారి కిందపడింది. పళ్ళు దొర్లిపోతే అసిరమ్మ ఏరుకుంటూ, “ఎండ దెబ్బేటమ్మా, లోపలికి రా, మజ్జిగిస్తాను” అంది.

“బాబాయ్, సున్నం ఇంకా ఉందా?”

“ఉంది. ఏటి, మీ కోటర్సుకి కొట్టాలా?”

“మూడు గిన్నెలు కావాలి.”

అసిరమ్మ వింతగా చూస్తూనే తెచ్చిపెట్టింది. హైమవతి ఒక గిన్నెలో ఉత్త సున్నం పోసింది. రెండో దాంట్లో చిటికెడు నీలిమందు కలిపింది. మూడో దాంట్లో గోడ రంగు వచ్చేదాకా కలిపింది. మూడింటినీ అరుగు మీద వరసగా పెట్టి, “ఇందులో తెల్లనిది ఏది?” అని అడిగింది.

కూర్మయ్య వంగి చూశాడు. ఎప్పుడూ మంటలోకి చూసినట్టే, ఊపిరి బిగబట్టి మూడు క్షణాలు. వేలు మూడో గిన్నె మీద పెట్టాడు. “ఇదే. ఇది కాస్త పచ్చన,” అని రెండోది చూపించాడు. “ఇదేటి, ఇందులో పసుపు కలిపినావా?” అన్నాడు ఉత్త సున్నాన్ని.

అసిరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఎందుకంటే ఎవరూ నవ్వడం లేదు. కూర్మయ్య తలెత్తి హైమవతి మొహంలోకి చూశాడు. చదువు లేకపోయినా చురుకైన మనిషి. పట్టీ ఏం చేస్తుందో, సెన్సర్లు ఎవరి మాట వింటాయో ఆయనకి తెలుసు.

“శుక్లం పచ్చబడిపోయిందా?” అన్నాడు మెల్లిగా. “నీలం నాకు అందట్లేదు. అంటే మంట ఉన్నదానికన్నా ఎర్రగా, సల్లగా కనబడతంది నాకు. నాను సల్లగుందంటే సెన్సర్లూ సల్లగుందంటాయి. గ్యాసు పెరిగిపోద్ది.” గిన్నె మీంచి వేలు తీసేశాడు. “ఎంతమ్మా?”

“చూస్తే గాని చెప్పలేను. అరవై డెబ్భై డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు.”

కొలిమి కప్పు ఇటుక పదహారువందల యాభై దాటితే కరగడం మొదలెడుతుంది. ఆ లెక్క ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. కొలిమి దిగువన, సీసాల మిషన్ల దగ్గర, ఆ పూట పద్నాలుగు మంది పనిలో ఉన్నారన్న సంగతీ తెలుసు. కూర్మయ్య లేచి దండెం మీది చొక్కా తీసుకున్నాడు. అసిరమ్మ విస్తట్లో వడ్డించిన పులిహోర అలాగే ఉండిపోయింది.

ప్లాంటు మేనేజరు వర్మ చెడ్డవాడేమీ కాదు. నియమం తప్పని మనిషి, అంతే. పండగ అని కూడా చూడకుండా కంట్రోల్ రూములోనే కూర్చుని ఉన్నాడు. హైమవతి చెప్పిందంతా విని, తెర వైపు చెయ్యి చూపించాడు.

“పదకొండు సెన్సర్లు హైమవతి గారూ. పదకొండూ తొంభై అంటున్నాయి. ఒక్కటి కూడా తేడా లేదు. మీరు గోడకి సున్నం చూసి కొలిమి ఆపమంటున్నారు.”

“పదకొండు కావండీ. ఒక్కటే. పదకొండూ ఒకే కన్ను దగ్గర నేర్చుకున్నాయి.”

“మరి మీరు పెట్టిన గంటేది? కన్ను మారితే మోగుతుందని మీరేగా రాసిచ్చారు?”

ఊరి నుంచి దారంతా హైమవతి ఆలోచించింది దాని గురించే. “కన్ను సరిగ్గా ఉందా అని సెన్సర్లని అడిగాను,” అంది. “సెన్సర్లు సరిగ్గా ఉన్నాయా అని కన్నుని అడిగాను. ఒకళ్ళకొకళ్ళు సాక్ష్యం చెప్పుకున్నారు. కన్ను రోజుకి వెంట్రుకవాసి జరిగింది, దాంతోపాటు అవీ జరిగాయి. గంట ఎలా మోగుతుంది? తప్పు నాదేనండీ.”

“తప్పెవరిదో తరవాత చూసుకోవచ్చు. మంట తగ్గిస్తే మిషన్లన్నీ ఆగుతాయి. పై వాళ్ళకి నేనేం చెప్పను? నాకు కంటికి కనబడేది ఏదైనా చూపించండి.”

“సూపిస్తాను రండి,” అన్నాడు కూర్మయ్య. అప్పటిదాకా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

ముగ్గురూ ఇనప మెట్లెక్కి కొలిమి పక్కకి వెళ్ళారు. కూర్మయ్య ఏడో కన్నం మూత తీశాడు. అలవాటు కొద్దీ నీలపు అద్దం తన కంటి దాకా ఎత్తి, ఆగి, దాన్ని వర్మ చేతిలో పెట్టాడు. ముప్ఫై మూడేళ్ళలో ఆ అద్దం ఆయన ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదటిసారి.

“రంగు సూడకండి బాబూ. రంగు మీకు తెల్దు, నాకూ తెల్దు ఇప్పుడు. పైన కప్పు అంచు సూడండి. ఇటుక ఇటుకలా ఉందా, లేదా?”

వర్మ చూశాడు. చాలాసేపు చూశాడు. హైమవతి కూడా చూసింది. కప్పు ఇటుకల అంచున, వాన వెలిశాక చూరుకి చుక్కలు నిలిచినట్టు, వరసగా చుక్కలు వేలాడుతున్నాయి. వాళ్ళు చూస్తుండగానే ఒకటి సాగి, సన్నబడి, కిందున్న గాజులో పడింది.

“మీరు రోజూ చూస్తారుగా, ఇది కనబడలేదా?” అన్నాడు వర్మ. కోపంగా కాదు, నీరసంగా అన్నాడు.

“నన్ను రంగు సూడమన్నారు బాబూ, రంగే సూసినాను. కప్పు సూడ్డం మానేసి శానాళ్ళయింది. అది సెన్సర్లు సూసుకుంటాయనుకున్నాను.” కూర్మయ్య నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ పట్టీ రోజూ ఒత్తుకున్న గుర్తు నల్లగా ఉంది. “ఆపేయండి బాబూ. నా కన్ను అబద్ధం సెప్తంది.”

వర్మ కిందికి దిగి మనుషుల్ని బయటికి పంపాడు. గ్యాసు తగ్గించమని తనే చెప్పాడు. సీసాల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఏళ్ళ తరబడి ఆగని ఆ మోత ఆగేసరికి, బయట నిలబడ్డ పద్నాలుగు మందీ వెనక్కి తిరిగి చూశారు. దూరంగా ఊళ్ళోంచి పండగ డప్పులు వినిపించాయి. అంత దగ్గరగా వినపడతాయని అప్పటిదాకా వాళ్ళెవరికీ తెలీదు.

నాలుగో రోజున, నెమ్మదిగా చల్లారబెడుతుండగా, ఏడో కన్నం పక్కన కప్పు మూరెడు మేర ఊడి కిందపడింది. అప్పటికి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

శ్రీకాకుళంలో కంటి డాక్టరమ్మ కూర్మయ్య కన్ను చూసి కుర్చీలో వెనక్కి వాలింది. “రెండేళ్ళ కిందటే చీటీ ఇచ్చారు కదా, ఎందుకు రాలేదు? అప్పుడైతే ఇరవై నిమిషాల పని. ఇప్పుడిది రాయిలా గట్టిపడింది. పైగా ఉన్నది ఒక్క కన్ను. చేస్తాను గాని, చూపు వస్తుందని మాట మాత్రం ఇవ్వలేను,” అంది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బల్ల మీద అసిరమ్మ, పక్కన హైమవతి కూర్చున్నారు. గోడ మీది గడియారం కదలడం మానేసినట్టనిపించింది హైమవతికి. చెప్పకుండా ఉండలేకపోయింది.

“పిన్నీ, రెండేళ్ళ కిందట ఆపరేషన్ వద్దని రాసింది నేనే.”

అసిరమ్మ తల తిప్పలేదు. “కంపెనీ వద్దందని సెప్పినాడు మావ.”

“కంపెనీకి ఏం తెలుసు? నన్నే అడిగారు. నేనే వద్దన్నాను. కన్ను మారకూడదని ఆపాను. ఆపడం వల్లే మారిపోయింది.”

అసిరమ్మ లేచి, తన సంచి తీసుకుని, ఎదురుగా ఉన్న బల్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది హైమవతికి. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఆ ఆసుపత్రిలో ఏడ్చేవాళ్ళు కొత్తేమీ కాదు, ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు కట్టు విప్పారు. కూర్మయ్య కాసేపు రెప్పలు ఆర్పాడు. డాక్టరమ్మ వేళ్ళు చూపిస్తే లెక్క సరిగ్గా చెప్పాడు. తరవాత పక్కకి తిరిగి భార్య చీర చూశాడు.

“ఇది నల్ల చీర కదేటే? నల్లదనే కొన్నాను నాను. ఇప్పుడు రంగు మారిందేటి?”

“నల్ల చీర ఎవులైనా కొంటారా పండక్కి? నీలం,” అంది అసిరమ్మ. ఆ మాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

నెలన్నర తరవాత కప్పు కొత్తగా కట్టి కొలిమి వెలిగించారు. ప్రయోగశాల దీపాలతో సరిచూసి తెచ్చిన కొత్త సెన్సర్లు పెట్టారు. వర్మ మళ్ళీ పట్టీ తెప్పించాడు. ఈసారి ఆరు నెలలకోసారి కంటి డాక్టరు చూస్తారని కాయితంలో రాయించాడు. కూర్మయ్యని పిలిపించి కన్నం ముందు నిలబెట్టారు. ఆయన నీలపు అద్దంలోంచి మూడు క్షణాలు చూశాడు. ఆరు చూశాడు. పది చూశాడు.

“ఎంత బాబాయ్?” అంది హైమవతి.

ఆయన అద్దం దించాడు. “తెల్దమ్మా. ఇంత నీలం ఏనాడూ సూళ్ళేదు నాను. ఇది నా మంట కాదు.” పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, దాన్ని ఒకసారి తడిమి చెయ్యి తీసేశాడు. ముప్ఫై మూడేళ్ళ విద్య కంట్లో పెట్టిన ఆ కొత్త అద్దంతో పోయింది. అది పోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం హైమవతి ఆయన్ని ఇంటి దాకా దిగబెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇన్నాళ్ళూ కంటికి నల్లద్దాలు పెట్టుకుని తిరిగాడు. ఆ రోజు కొలిమి దగ్గరే వాటిని తీశాడు. గుమ్మం ముందు ఆగి గోడ వైపు చూశాడు. చేత్తో గోడని తాకాడు, ఆ చెయ్యి చూసుకున్నాడు.

“ఇంత నీలవా!” అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. “దీన్ని తెలుపని ఈదంతటితో వాదించినానమ్మా. కొలిమి దగ్గర కూడా ఇలగే వాదించినాను కదా, రెండేళ్ళు. కింద పద్నాలుగు మంది.”

హైమవతికి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. వాదించింది ఆయన ఒక్కడే కాదు. “రేపు మనుషుల్ని పంపిస్తాను బాబాయ్. గోడంతా గీకించి తెల్లగా కొట్టిద్దాం. పండగ కాదు కదా, కూలికి పెట్టినా తప్పు లేదు,” అంది.

అప్పటిదాకా తలుపు వెనక నిలబడ్డ అసిరమ్మ బయటికొచ్చింది. ఆసుపత్రి రోజు తరవాత ఆవిడ హైమవతితో మాట్లాడటం అదే మొదలు.

“అక్కర్లేదు. గోడ అలగే ఉండనీ.”

“అందరూ నవ్వుతున్నారని మీరే అన్నారు కదా పిన్నీ?”

“నవ్వితే నవ్వనీ. రేపు ఇంకొకుల కన్ను అడుగుతారు మీరు. అడగకుండా ఉండరు, నాకు తెల్దేటి? అడిగినప్పుడు ముందు ఆడ్ని ఇక్కడికి తీసుకొచ్చి, ఈ గోడ ఏ రంగో సెప్పమను. ఆరు నెలలకీ మళ్ళీ తీసుకురా. నానుంటాను, లేకపోతే గోడుంటాది.”

హైమవతి సంచిలోంచి చిన్న సీసా తీసింది. ఆ ఫ్యాక్టరీలో చేసిన మందుసీసాయే. గోడ మూల నుంచి గోటితో కాస్త సున్నం గీకి, ప్రయోగశాలలో పెట్టుకోడానికి అందులో వేసుకుంది. అసిరమ్మ వద్దనలేదు. లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి, గ్లాసు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. హైమవతి ఆ గ్లాసు అందుకుని, ఆ నీలపు గోడకి ఎదురుగా కూర్చుని తాగింది.